చదివి పెట్టిన సంతకం

అక్క పోయిన మూడో వారంలో తమ్ముడు ప్లీడరు ఆఫీసు మెట్లెక్కాడు. అరవై రెండేళ్ల మనిషిని పట్టుకుని తమ్ముడంటావేమిటని నన్నడక్కండి. పుస్తకాలు బైండింగు చేసుకునే ఆ మనిషిని వీధి వీధంతా అలాగే పిలుస్తుంది. అక్క నోట పుట్టిన పిలుపు అది, ఇప్పుడు ఎవరు మార్చగలరు?

ప్లీడరు కుర్చీ చూపించాడు. మొహమైతే విచారంగా పెట్టుకున్నాడు గాని, గొంతులో హుషారు మాత్రం దాగలేదు.

"చాలా బాధగా ఉందండీ. కానీ కేసు సంగతి చెప్పాలిగా. మీరింక గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు."

"అంటే?"

"వాది పోయారు కదా. ఆవిడ వారసులు తొంభై రోజుల్లోగా కోర్టుకొచ్చి, ఆవిడ బదులు మేమున్నామని అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకోకపోతే దావా దానంతటదే పడిపోతుంది. మీ అక్కగారికి వారసులెవరు?"

తమ్ముడు ఆలోచించాడు. బావ పోయి ఇరవై ఏళ్లు. పిల్లల్లేరు. అమ్మానాన్నా ఎప్పుడో పోయారు.

"నేనేనండి," అన్నాడు.

ప్లీడరు బల్ల చరిచాడు. "అదీ! కేసు వేసింది మీ మీద. ఆవిడ తరఫున రావలసింది మీరు. మీరు రారు! నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ముందుగది మీదే. ఇంత సుఖమైన కేసు నా ప్రాక్టీసులో చూళ్లేదు."

"మరి ఆ కాగితం?"

"ఏ కాగితం?"

"నేను సంతకం పెట్టిన జవాబు. అందులో అక్క అబద్ధమాడిందని ఉంది కదండీ. అదేమవుతుంది?"

"ఏమవుతుంది, ఫైల్లో ఉంటుంది. ఫైలు కట్టగట్టి రికార్డు గదిలో పడేస్తారు."

"ఎప్పటికీ అలాగే ఉండిపోతుందా?"

"ఉంటే మనకేమండీ?" అన్నాడు ప్లీడరు.

తమ్ముడు కుర్చీలోంచి లేచి వచ్చేశాడు.

ఇదంతా ముందుగది తెచ్చిన తంటా. వీధివైపు పెద్ద కిటికీ ఉన్న గది అది. అక్క ఆ కిటికీ పక్కన కూర్చుని, అచ్చయిన కాగితాలు మడిచి, సూదీ దారంతో కుట్టేది. వెనకగదిలో తమ్ముడు జిగురు రాసి, అట్టలు వేసి, బిగించి, అంచులు కోసేవాడు. అక్క కుట్టిన పుస్తకం చచ్చినా విడిపోదని పేరు. వాళ్ల నాన్న పోయేముందు, మంచం పక్కన ఇద్దరూ ఉండగానే, "ముందుగది పెద్దదానికి. వెలుతురుంటే గాని దానికి పని సాగదు" అన్నాడు. తమ్ముడు విన్నాడు. రెండు చెవులా విన్నాడు.

పాతికేళ్లు గడిచాక తమ్ముడు పెద్ద కోతమిషను తెచ్చాడు. అది వెనకగదిలో పట్టలేదు. ముందుగదిలో పెడతానన్నాడు. "అది నా గదిరా, నాన్న నాకిచ్చాడు" అంది అక్క. కోపం వస్తే మనిషి ఎంత గాడిద అవుతాడో చూడండి, "ఎప్పుడిచ్చాడు? నేను వినలేదే!" అనేశాడు. అక్క ఆ పూటే లేచింది. సూదుల డబ్బా, దారపుండలు సర్దుకుని పక్కవీధిలో చిన్న గది అద్దెకు తీసుకుంది. నెల తిరక్కుండా కోర్టు కాగితం వచ్చింది.

తమ్ముడికి పౌరుషం పొడుచుకొచ్చింది. తనూ ప్లీడర్ని పెట్టుకున్నాడు. ఆయన జవాబు టైపు చేయించి, ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ అని వేలు పెట్టి చూపించాడు. తమ్ముడు గీకేశాడు. రోజూ వేల పేజీలు చేతులమీదుగా పోనిచ్చే మనిషి, ఆ నాలుగు పేజీలూ చదివిన పాపాన పోలేదు!

అక్క మాత్రం చదివింది. ఆవిడ పొట్లం కట్టిన కాగితం కూడా చదివిగాని పారెయ్యదు. మొదటి వాయిదా రోజున కోర్టు వరండాలో ఉన్నది ఒక్కటే బెంచీ. ఆ చివర ఆవిడ, ఈ చివర ఈయన. ఆవిడే ముందు మాట కదిపింది.

"ఏరా, నేను అబద్ధాలకోరునా?"

"ఎవరన్నారు?"

"నువ్వే. రెండో పేజీ, నాలుగో పేరా. వాది చెప్పునదంతా అబద్ధము, దురాశతో అల్లిన కట్టుకథ. కింద నీ సంతకం. ఆ వంకరతోక నీది కాదంటావా?"

"ప్లీడరు రాశాడక్కా. అందరికీ అలాగే రాస్తార్ట."

"అంటే చదవకుండా పెట్టావన్నమాట." ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. నవ్విందో కళ్లు తుడుచుకుందో తెలియలేదు. "నిన్ను వొళ్లో కూర్చోబెట్టుకుని, అక్షరం కింద వేలు పెట్టి చదివించింది ఎవర్రా? వెధవా!"

తర్వాత ఫ్లాస్కు మూత తీసి టీ పోసి, బెంచీ మీద ఆ చివరనుంచి ఈ చివరికి తోసింది.

అలా ఆరేళ్లు. వీధిలో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్లు. వాయిదా రోజున మాత్రం అదే బెంచీ, అదే ఫ్లాస్కు. "చొక్కాకి గుండీ ఏదిరా?" అని ఆవిడ. "మోకాళ్లకి మందు రాస్తున్నావా?" అని ఈయన. ప్రతి వాయిదాకీ, ఈసారి నిజం ఒప్పేసుకుందాం అనుకుంటూ వెళ్లేవాడు తమ్ముడు. ఒప్పుకుంటే కేసు అయిపోతుంది. అయిపోతే అక్క తిరిగొస్తుందో రాదో! బెంచీ అయితే ఖాయం. అందుకని జడ్జిగారి ముందు నిలబడి నడుంనొప్పనీ, పనుందనీ ఇంకో వాయిదా అడిగేవాడు.

ఇంకో వాయిదా నాలుగు రోజులుందనగా అక్క నిద్రలోనే పోయింది. పక్కన సగం కుట్టిన పుస్తకం ఉంది, సూది అందులోనే ఉంది. తమ్ముడు ఆ సూది తీసి చొక్కా జేబుకి గుచ్చుకున్నాడు. ఏడవడం తర్వాత సంగతి, ముందు ఆ మాట వెనక్కి తీసుకోలేదే అన్నదే గుండెల్లో గుచ్చుకుంది.

ప్లీడరు దగ్గర్నుంచి లేచినవాడు తిన్నగా అక్క ప్లీడరమ్మ దగ్గరికి వెళ్లాడు. చిన్న వయసు పిల్ల. సంగతి విని కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"బాబాయిగారూ, మీ మీద వేసిన కేసులో మీరే వాదిగా చేరతారా?"

"చేరతానమ్మా. చేరి ఓడిపోతాను."

"ఎవరు చేరి, ఎవరు ఓడిపోతారండీ?" అని నవ్వబోయి ఆ పిల్ల ఆగిపోయింది. ఎదురుగా ఉన్న మనిషి కళ్లలో నీళ్లు నిండాయి. ఆమె సొరుగులోంచి డైరీ తీసి పేజీలు తిప్పింది. "ఒక మాట చెప్పనా? మీరొక్కరే వాయిదాలు అడిగారనుకుంటున్నారేమో. సగం మేమడిగినవే. తొందరగా తేల్చేద్దామండీ అంటే, మీ అక్కగారు నామీద ఇంతెత్తున లేచేవారు. 'ఉండవే తల్లీ, తేలిపోతే వాడు నాకు మళ్లీ ఎక్కడ దొరుకుతాడు' అనేవారు."

తమ్ముడు డైరీ తనవైపు తిప్పుకుని ఆ వాయిదాల తేదీలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తర్వాత అర్జీ రాయించాడు. ఈసారి ప్రతి పేజీ చదివాడు.

కోర్టు రోజున జవాను గుమ్మంలో నిలబడి కేసు నంబరు పిలిచాడు. "వాదీ!" అని మూడుసార్లు అరిచాడు. తమ్ముడు వెళ్లి ఎడమపక్క నిలబడ్డాడు. "ప్రతివాదీ!" అని అరిచేసరికి గబగబా కుడిపక్కకి వచ్చి నిలబడ్డాడు. కోర్టంతా ఘొల్లుమంది. వెనక కూర్చున్న ఆయన ప్లీడరు తల పట్టుకున్నాడు.

జడ్జిగారు పెద్దావిడ, నవ్వలేదు. అర్జీ రెండుసార్లు చూసింది.

"ఏమయ్యా, ఒకే మనిషి తనమీద తనే దావా నడపడం కుదరదు, తెలుసా? ఈ కేసు ఇవాళ ముగించెయ్యాల్సిందే. మరెందుకొచ్చావు?"

"జవాబులో ఒక మాట ఉందండమ్మా. అక్క అబద్ధమాడిందని. అది నేను చదవకుండా సంతకం పెట్టాను. ఆ కాగితం తీసి చింపెయ్యండి."

"చింపకూడదు. ఒకసారి ఫైల్లో చేరింది తియ్యం."

తమ్ముడు ముందున్న కమ్మీ పట్టుకున్నాడు. "మరయితే ఆవిడ అబద్ధాలకోరుగానే ఉండిపోవాలా తల్లీ? ఆవిడ జన్మలో అబద్ధం ఆడి ఎరగదండీ. ఆడింది నేను!"

కోర్టులో ఎవరూ నవ్వలేదు. జడ్జిగారు కళ్లజోడు సర్దుకుంది.

"తియ్యకూడదన్నాను గాని, కలపకూడదనలేదుగా. ఇప్పుడన్న మాటే నెమ్మదిగా చెప్పు. టైపు చేస్తారు. కేసు ముగిసే ముందు ఆఖరి కాగితం అదే అవుతుంది."

తమ్ముడు చెప్పాడు. టైపిస్టు కొట్టింది. కాగితం చేతికొచ్చింది. కింద రెండు చోట్లున్నాయి, ప్రతివాది సంతకం, వాది సంతకం. తమ్ముడు ప్రతివాది చోట తన వంకరతోక సంతకం పెట్టాడు. రెండో చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"అదీ నువ్వే పెట్టాలయ్యా," అంది జడ్జిగారు. "ఆవిడ తరఫున నువ్వేగా."

"పెడతానండి. కాని ఇది మా అక్క పెట్టే చోటు. ఆవిడ చదవందే పెట్టదండీ."

గది తలుపు తెరిచే ఉంది. అవతల వరండాలో బెంచీ కనిపిస్తోంది. దాని ఒక చివర ఎవరిదో గొడుగుంది, రెండో చివర ఖాళీగా ఉంది. తమ్ముడు ఆ ఖాళీ వైపు తిరిగి, అక్షరం కింద వేలు పెట్టి, బళ్లో పిల్లాడిలా గట్టిగా చదివాడు.

"ముందుగది నాన్న అక్కకిచ్చాడు. ఇచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. విన్నాను. అక్క చెప్పిందంతా నిజం."

ఆగి, కళ్లనీళ్లు పడి చెమ్మగిల్లిన కాగితం మోచేత్తో తుడిచి, ఒక్క అక్షరం కూడా వదలకుండా మళ్లీ మొదట్నుంచి చదివాడు. జడ్జిగారు తొందరపెట్టలేదు. చదవడం అయ్యాక తమ్ముడు వాది చోట సంతకం పెట్టాడు.