రెండో వైపు తిప్పని కాసెట్

ఒమాన్‌లోని అల్ ఖౌద్ లేబర్ క్యాంపులో మూడో నంబరు రూములో ఎనిమిది మంది ఉండేవాళ్లు. ఏడుగురికి సైట్‌లో డ్యూటీ. ఎనిమిదోవాడు ఖమరుద్దీన్ మాత్రం స్టోర్‌లో సిమెంటు బస్తాలకు, మేకుల పెట్టెలకు కాపలా. కడప మనిషి, యాభై ఎనిమిదేళ్లు. అందరూ ఆయన్ని రైటర్ సాబ్ అనేవాళ్లు. స్టోర్ రిజిస్టరు రాస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్లు అనుకునేవాళ్లు.

సంగతి అది కాదు. వయసులో ఉన్నప్పుడు ఖమరుద్దీన్ బెజవాడ పబ్లిషర్ ఒకాయనకు నలభై ఒక్క డిటెక్టివ్ నవలలు రాసిచ్చాడు. అట్టల మీద పబ్లిషర్ కల్పించిన పేరు ఉండేది. ఆ ఒక్క పేరుతో నలుగురు రాసేవాళ్లు. పబ్లిషర్ పెట్టిన నియమం ఒకటే. ప్రతి ఫారం, అంటే ప్రతి పదహారు పేజీలు, ఒక ప్రమాదం దగ్గర ఆగాలి. చదివేవాడు ఊపిరి బిగబట్టి పేజీ తిప్పాలి.

ఆ నవలల్లో ‘ఏడో నంబరు గొడుగు’ మద్రాసులో సినిమా అయింది. వాన, వీధి దీపం, తడిసిన గోడ మీద పొడుగాటి నీడ, తప్పు చేసి తప్పించుకోలేని మనిషి. అలాంటి నలుపు తెలుపు సినిమాలు మూడింటికి ఆయన లాడ్జి గదిలో కూర్చుని కథా, మాటలూ రాశాడు. తెర మీద మాత్రం నిర్మాత బావమరిది పేరు పడింది. తర్వాత రంగుల సినిమాలొచ్చాయి. చీకటి వీధులు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఎనభై రెండులో ఖమరుద్దీన్ ఒమాన్ వచ్చేశాడు. అప్పటినుంచి రిజిస్టరు తప్ప మరేదీ రాయలేదు.

తొంభై ఒకటి చలికాలంలో, రూములోనే ఉండే భీమన్న కట్టడం పనికి కట్టిన పరంజా పలక మీంచి జారి ఇసుక కుప్పలో పడ్డాడు. ప్రాణానికి ఏమీ కాలేదు. ఎడమ చేతి వేళ్లు రెండు మాత్రం ఇనప రేకు కింద పడి తెగిపోయాయి. ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికి అతను స్టోర్‌కు వచ్చి బస్తా మీద కూర్చున్నాడు.

“సాబ్, మన రూము రఘుపతి శనివారం ఊరికి పోతుండు. మా ఇంటిది రాములుకు కాసెట్ పంపాలె. ఈ చెయ్యి సంగతి ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు.”

“రెండు వేళ్లు పోయినాయని చెప్పప్పా. దాంట్లో ఏముంది?”

“అట్ల ఒక్కసారే చెప్తే దాని గుండె పల్గుతది. మెల్లమెల్లగ చెప్పాలె. సిన్మాలకు రాసినోనివి గద, జర రాసియ్యరాదు?”

దాదాపు పదేళ్ల తర్వాత ఒకడు తనను రాసివ్వమని అడిగాడు. ఖమరుద్దీన్ మూడు రోజులు, మధ్యాహ్నం పని సద్దుమణిగాక, సిమెంటు సంచుల లోపలి కాగితం మీద రాసి కొట్టేసి మళ్లీ రాశాడు. తెల్లవారుజాము మంచు, గాలికి మూలిగే పలక, కింద పొడుగ్గా సాగిన మేస్త్రీ నీడ, అన్నీ వచ్చి చేరాయి. రాస్తుంటే చెయ్యి తేలికైంది.

శుక్రవారం నమాజు అయ్యాక రికార్డింగ్. భీమన్నకు చదువు రాదు. అందుకే షూటింగ్‌లో లాగా ఖమరుద్దీన్ ఒక్కో మాట చెవిలో అందిస్తుంటే అతను టేపు ముందు పలికాడు. గడియారం చూసుకుంటూ ఖమరుద్దీన్ మొదటి వైపు సరిగ్గా ఆగాల్సిన చోటే ఆపించాడు. “కాలికింద పలక కదిలింది రాములూ... కిందికి చూస్తే...” టక్కుమని కాసెట్ ఆగింది.

రూములో ఎవరూ కదల్లేదు. “ఫిర్ క్యా హువా?” అంటూ తర్వాతేమైందో అడిగాడు వడ్రంగి ఇస్రార్. ఆ రోజు భీమన్నను ఇసుకలోంచి ఎత్తుకొచ్చింది అతనే.

అందరూ పగలబడి నవ్వారు. ఖమరుద్దీన్ మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగింది. మిగతాది రెండో వైపు ఐదు నిమిషాల్లో అయిపోయింది. పోయింది రెండు వేళ్లే, అంతా క్షేమం. “నువ్వు నోరు తెరవొద్దు, అంత కాసెట్లనే ఉంది” అని భీమన్న రఘుపతికి మరీమరీ చెప్పి పంపాడు.

నెల దాటాక, పక్క ఊరినుంచి కొత్తగా కంపెనీకి వచ్చిన జయరాముడు జవాబు కాసెట్ తెచ్చాడు. టేపులో పెట్టగానే భీమన్న భార్య రాములవ్వ గొంతు వినిపించింది.

“ఓ సుమలత నాయినా, మధ్యల ఎందుకాపినవ్? కిందికి చూస్తే ఏంది? చెప్పనీకె నోరు రాలేదా? ఎనిమిది దినాలాయె, బువ్వ లోపలికి పోతలేదు. రఘుపతినడిగితే అంత కాసెట్ల ఉందంటడు, మొఖం అటు తిప్పుకుంటడు. కాళ్లు పొయినయా? పోతే పోనీ. బీడీలు చేసి నేను సాకుత. నువ్వు గడపల కూసోని పిల్లకు ఎక్కాలు చెప్పిచ్చుకో. కండ్లు పొయినయా? చెయ్యి పట్టుకొని నేను తిప్పుత. ఏది పొయిందో నేనడుగ. మిగిలింది ఎంతనో అంత నాకు పంపు.”

అప్పుడు తెలిసింది అందరికీ. భీమన్న ఇదివరకు పంపిన కాసెట్లలో పది నిమిషాల మాటే ఉండేది. కాసెట్‌ను తిప్పాల్సిన పని ఆ ఇంట్లో ఎప్పుడూ పడలేదు. రెండో వైపు ఉంటుందనే ఆమెకు తెలియదు.

భీమన్న బాగున్న చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. అలాగే అన్నాడు: “సాబ్, నీ సిన్మా తీస్కపోయి నా ఇంట్ల ఆడిచ్చినవ్ గద.”

ఖమరుద్దీన్ టేపు ఆపాడు. జీవితమంతా మనుషుల ఊపిరి ఆపడమే పనిగా పెట్టుకున్నాడు. పేజీ తిప్పే వీలు లేని మనిషి ఆ బిగబట్టిన ఊపిరితో ఎన్ని రోజులు బతకాలో ఎన్నడూ ఆలోచించలేదు. పైగా ‘మిగిలింది నాకు పంపు’ లాంటి మాట నలభై ఒక్క నవలల్లో ఒక్కటీ రాయలేదు.

ఇంకో మనిషి ఊరికి పోయేదాకా ఆగే పని కాదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కంపెనీ పికప్‌లో ఖురం పోస్టాఫీసుకు వెళ్లి టెలిగ్రాం కౌంటర్ ముందు నిలబడ్డారు. ఖమరుద్దీన్ ఫారం తీసుకున్నాడు.

“ముందు ఏం రాస్తవ్ సాబ్?” అన్నాడు భీమన్న అనుమానంగా.

“ఆఖర్న రాయాల్సింది” అన్నాడు ఖమరుద్దీన్.

పోస్ట్‌మ్యాన్ కూడబలుక్కుని చదివి వినిపించేలా, ఇంగ్లీషు అక్షరాల్లో రాములవ్వ మాట్లాడే యాసలోనే రాశాడు. ‘రెండు వేళ్లే పొయినయ్. కాళ్లు ఉన్నయ్. కండ్లు ఉన్నయ్. కాసెట్ తిప్పి రెండో దిక్కు పెట్టు. భీమన్న.’ రాసింది చదివి వినిపించాడు. అందులో వాన లేదు, నీడ లేదు. భీమన్న గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“మంచిగుంది. కింద నీ పేరు కూడ రాయి.”

“నా పేరెందుకప్పా? చెడగొట్టింది నేనే కదా.”

“అందుకే రాయమంటున్న. ఎవలను తిట్టాల్నో దానికి తెల్వాలె గద!”

ఖమరుద్దీన్ నవ్వాడు. కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, పెన్ను గట్టిగా అదిమిపట్టి, ‘రాసింది ఖమరుద్దీన్’ అని చేర్చాడు.

రాములవ్వ తర్వాతి కాసెట్ వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మొదటి వైపు మొదటి మాటే ఆయన గురించి. “ఆ ఖమరుద్దీన్ అనేటాయన యాడున్నడు? ముందు ఆయనను టేపు కాడికి పిలువు, ఆయన సంగతి చెప్త.”

రూమంతా గొల్లుమంది. ఖమరుద్దీన్ మాత్రం బుద్ధిగా వచ్చి టేపు పక్కన కూర్చుని, తిట్లన్నీ అయిపోయేదాకా విన్నాడు. తర్వాత కాసెట్ బయటికి తీసి, తన చేతులతోనే రెండో వైపు తిప్పి పెట్టాడు.