చూడు: భర్త

"పాలు చూడు" అని గదిలోంచి మా ఆయన కేక. చూశాను. "అమ్మ పిలుస్తోంది, చూడు." చూశాను. "చొక్కా గుండీ ఊడింది, కాస్త చూడు." అదీ చూశాను. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చేసే పనులన్నిటికీ ఈ ఇంట్లో ఉన్న పేరు ఇదొక్కటే. వండటం, ఉతకటం, ఎత్తటం, తుడవటం కావవి, చూడటం. నేనేదో కాళ్లు చాపుకుని సినిమా చూస్తున్నట్టు.

అత్తయ్య తుంటి ఎముక విరిగి మంచాన పడ్డాక ఈ చూడటం మరీ ఎక్కువైంది. ఆవిణ్ణి అనటానికేం లేదు పాపం. ఒకరోజు దుప్పటి మారుస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "మా అత్తని నేనూ ఇట్లాగే చూశానే. నన్ను మాత్రం ఎవరూ చూడలేదు" అంది. రేపు ఆ మంచం మీద పడుకుని నేననబోయే మాట కూడా అదే కదా అనిపించింది.

నాకు ఊపిరాడే చోటు ఒక్కటే, రికార్డుల ఆఫీసు. ఊరి పాత కాగితాలన్నీ అక్కడే ఉంటాయి. ఇళ్ల పత్రాలు, జనాభా లెక్కలు, చావుపుట్టుకలు. ఎవరైనా తమవాళ్ల గురించి వెతుక్కుంటూ వస్తే దొరికేలా పేరుకో కార్డు రాసి సొరుగుల్లో పెట్టటం నా పని. మగవాడి కార్డు మీద అతని కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో రాస్తాం. పెళ్లయిన ఆడదాని కార్డు మీద మాత్రం ఒకటే ముక్క, "చూడు: భర్త". అంటే ఆవిడ సంగతి కావాలంటే మొగుడి కార్డు వెతుక్కోవాలని. ఆఫీసు పుట్టినప్పటి పద్ధతట. ఈ చేత్తోనే ఎంతమందిని అలా మొగుళ్ల వెనక దాచేశానో.

మొన్న ఒకావిడ వాళ్ల అమ్మమ్మ కోసం వచ్చింది. కార్డు తీస్తే "చూడు: భర్త". ఆ భర్తగారి కాగితం తీస్తే "భార్య ఒకటి, ఆవులు రెండు" అని ఉంది. ఆవుల రంగులు కూడా రాశారు మహానుభావులు. ఆవిడ నవ్వింది, నేనూ నవ్వాను, తర్వాత ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.

నిన్న ఉదయం వెళ్లగానే మా అధికారి పిలిచారు. మా ఆయన ఫోన్ చేశారట, వచ్చే నెల నుంచి నేను మానేస్తున్నానని. పెద్దావిణ్ణి చూసుకోవటం కన్నా పుణ్యం ఏముందమ్మా అని మెచ్చుకున్నారు కూడా. నేను ఉద్యోగం మానేసిన సంగతి అందరికన్నా ఆఖర్న తెలిసింది నాకే.

సాయంత్రం, "నన్నొక మాట అడగొచ్చు కదండీ" అన్నాను.

"అడిగితే ఏడుస్తావని నేనే చెప్పేశా. ఆ దుమ్ము ఉద్యోగం ఉంటే ఎంత, పోతే ఎంత" అన్నారు టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను. చచ్చిపోతే బాగుండనిపించింది, అబద్ధమెందుకు. కానీ చచ్చి మాత్రం ఏం సుఖం? నా కార్డు మీద ఏం రాస్తారో నాకు తెలుసుగా.

ఇవాళ పొద్దున అధికారి బల్ల ముందు నిలబడి, మానటం లేదని చెప్పాను. మరి మీవారు అలా అన్నారే అని ఆయన నసిగారు. ఫోన్ మావారిది, ఉద్యోగం నాది అన్నాను. నేను నా కుర్చీలోకి వచ్చేలోపే అధికారి మా ఇంటికి కబురు చేరవేసినట్టున్నారు, నా ఫోన్ మోగింది.

"పిచ్చెక్కిందా నీకు?" మా ఆయన గొంతు. "నువ్వు ఆఫీసులో కూర్చుంటే మా అమ్మని ఎవరు చూస్తారు?"

చేతిలో సగం రాసిన కార్డు ఉంది. సాయంత్రం ఇంటికెళ్తే ఏమవుతుందో తెలియదు, అసలు తలుపు తీస్తారో లేదో తెలియదు. ఇన్నేళ్లలో ఆయన్ని "మీరు" తప్ప "నువ్వు" అని ఎరగను నేను. రోజూ రాసే అలవాటుకొద్దీ, కార్డు చదివినట్టే ఫోన్లో చెప్పాను.

"అమ్మ. చూడు: కొడుకు."