మోకాళ్లు ముడిచిన ఎత్తు

కార్యదర్శిగారికి అంకెలంటే వల్లమాలిన ప్రేమ. ఆట గురించి మాత్రం ఓనమాలు రావు. ఆయన పెత్తనం మొదలైనప్పటి నుంచి వాలీబాల్ క్లబ్బులో ఆడపిల్లలు బంతి ముట్టుకున్నదానికన్నా రబ్బరు చాప మీద గెంతిందే ఎక్కువని జట్టు కెప్టెన్ ఆయన మొహం మీదే ఎద్దేవా చేసేది.

ఆ చాపకు ఒక తీగ, తీగ చివర ఒక డబ్బా ఉంటాయి. పాదాలు చాప మీద నుంచి లేచి మళ్లీ తాకేదాకా మనిషి గాలిలో ఎంతసేపు ఉందో లెక్కగట్టి, ఇంత ఎత్తు ఎగిరిందని డబ్బా అంకె చూపిస్తుంది. దాన్నిబట్టి కాళ్లలో సత్తువ ఎంతో తేల్చుకోవచ్చు. సరిగ్గా చేస్తే మంచి పరీక్షే. సరిగ్గా చేయనిస్తే కదా!

ఆ సాయంత్రం కార్యదర్శి తన మేనకోడల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కొత్త బూట్లు, కొత్త బ్యాగు, పక్కన మురిసిపోతున్న మామయ్య. ఫైనల్ జట్టులో ఒక చోటు ఖాళీగా ఉంది. కెప్టెన్ చెల్లెలు ఏడాదిగా దానికోసం ఒళ్లు హూనం చేసుకుంటోంది.

మేనకోడలు చాపెక్కి ఎగిరింది. దిగే ముందు మోకాళ్లు రెండూ పొట్టలోకి లాక్కుంది. పాదాలు ఆలస్యంగా తాకాయి. డబ్బాలో అంకె అమాంతం పెరిగింది.

"చూశారా! రాకెట్టు!" అని కార్యదర్శి చప్పట్లు కొట్టాడు. "ఇక మాటల్లేవు. ఆ చోటు మా అమ్మాయిదే."

కెప్టెన్ ట్రైనరు వైపు చూసింది. పెద్ద చదువు చదివొచ్చిన ట్రైనరమ్మ తలెత్తకుండా ఆ అంకెనే బోర్డు మీద రాసేసింది.

"మేడమ్, ఆ పిల్ల కాళ్లు ముడిచింది. మీకు కనబడలేదా?"

"కనబడింది," అంది ట్రైనరు గొంతు తగ్గించి.

"మరి?"

"సార్ ఇక్కడే ఉన్నారు కదమ్మా."

తెలియనివాణ్ణి క్షమించవచ్చు, తెలిసీ నోరు కుట్టేసుకున్న మనిషిని ఏమనాలి? "అయితే నేనూ ఎగురుతా" అని కెప్టెన్ బూట్ల లేసులు బిగించింది.

"అక్కా, వద్దే!" చెల్లెలు చెయ్యి పట్టుకుంది. మోకాలి ఆపరేషన్ తర్వాత అక్క ఇంట్లో మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటోందని ఆ ఒక్క పిల్లకే తెలుసు. క్లబ్బులో అందరికీ అక్క చెప్పింది మాత్రం పూర్తిగా తగ్గిపోయిందనే.

కెప్టెన్ వినలేదు. ఎగిరింది, మోకాళ్లు గెడ్డం దాకా లాగింది, దబ్బున దిగింది. ఎడమ మోకాలు కలుక్కుమంది. పళ్లు బిగబట్టి డబ్బా చూసింది. మేనకోడలి అంకెను దాటేసింది!

"శభాష్! కెప్టెనంటే ఇలా ఉండాలి!" అన్నాడు కార్యదర్శి.

"ఏం శభాష్ సార్? ఈ కాలితో నేను మెట్లు కూడా దిగలేకపోతున్నా. మీ లెక్క ప్రకారం జట్టులో నాకన్నా గట్టి కాళ్లు లేవు. ఈ గెంతుకా మీరు చప్పట్లు కొట్టేది?"

కార్యదర్శి మొహం కందగడ్డయింది. ట్రైనరు ఒక్క క్షణం తటపటాయించి, డస్టరు తీసుకుని బోర్డంతా తుడిచేసింది.

"మళ్లీ మొదటి నుంచి చేద్దాం," అంది. "చేతులు నడుం మీదే ఉండాలి. కాళ్లు చాచి ఎగరాలి, చాచే దిగాలి. ముడిస్తే లెక్కలోకి రాదు."

"నన్నడక్కుండానే?" అన్నాడు కార్యదర్శి.

"పరీక్ష నాది సార్," అంది ట్రైనరు. అంటూనే డబ్బాలో అంకెను సున్నాకు తెచ్చింది.

ఈసారి మేనకోడలు అందరికన్నా కిందికి పోయింది. చెల్లెలు పైకొచ్చింది. ఎవరూ పట్టించుకోని ఒక బక్కపిల్ల ఆమెకన్నా పైకొచ్చి ఆ చోటు తన్నుకుపోయింది. అక్కాచెల్లెళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

"ఇప్పుడు నువ్వు. ఒక్కో కాలి మీద," అంది ట్రైనరు కెప్టెన్‌తో.

తప్పించుకునే దారి లేదు. కుడికాలు బాగానే ఎగిరింది. ఎడమకాలు అందులో సగం కూడా లేవలేదు.

"ఫైనల్లో నువ్వు ఆడకూడదమ్మా. ఆడితే మోకాలు మిగలదు."

"ఇందాక లేని ధైర్యం నా దగ్గరే వచ్చిందా మేడమ్?" అని కెప్టెన్ విసురుగా అంది. కానీ కళ్లలో నీళ్లు తిరిగాయి. మేనకోడలు కాళ్లు ముడిచింది ఒక్కసారి, తాను మోకాలు తగ్గిపోయిందంటూ నెలల తరబడి అందరి ముందూ ముడుస్తూనే ఉంది. ఆ పిల్లను తప్పుపట్టిన మాట ఇప్పుడు తనకే వెగటుగా అనిపించింది.

ఫైనల్ రోజున కెప్టెన్ బెంచీ మీద మంచుగడ్డల సంచీ మోకాలికి అదుముకుని కూర్చుంది. కోర్టులో బక్కపిల్ల వల మీదుగా బంతిని బాదుతోంది. అక్క చోటు కూడా ఎప్పటి నుంచో రిజర్వులో ఉన్న పిల్లకే పోవడంతో, పక్కన చెల్లెలు అలిగి మూతి ముడుచుకుంది. వెనక వరసలో కార్యదర్శి ఎవరితోనో, ఆ పిల్లను కనిపెట్టింది తానేనని గొప్పలు పోతున్నాడు.

"వినబడుతోందా అక్కా?" అంది చెల్లెలు, అలక మరిచిపోయి.

"వాగనీ. పిల్ల ఎలా దిగుతోందో చూడు, ఎంత మెత్తగా!" అంది కెప్టెన్.