ఆలస్యంగా దిగే అమ్మాయి

పొద్దున్న తొమ్మిదింటికి బాలే హాల్లో గోడపొడవునా బిగించిన కమ్మీ పట్టుకుని పద్దెనిమిది మంది అమ్మాయిలు మోకాళ్లు వంచి లేస్తారు. పియానో మాస్టారు దగ్గుతూ వాయిస్తాడు. టీచరమ్మ చేతికర్రతో నేల మీద లెక్క కొడుతుంది. రోజూ ఇంతే. వరుసలో పన్నెండో అమ్మాయి మాత్రం ఎగిరితే అందరికంటే కాస్త ఆలస్యంగా దిగుతుంది. ఆ కాసేపూ గాల్లోనే ఉండిపోతుందన్నమాట. సంతోషం ఎక్కువైనవాళ్లకి అలా అవుతుందని అక్కడ అందరికీ తెలుసు, జలుబు చేస్తే తుమ్మొచ్చినట్టే. దేవుడు అందరికీ కొలిచే పోస్తాడు గానీ, ఈ పిల్లకి పోసేటప్పుడు ఆయన చెయ్యి కాస్త జారినట్టుంది. అందరూ ఆమెని లేటమ్మ అనేవాళ్లు.

ఆమె గాల్లో ఉండటం ఎవరికీ పట్టలేదు. ఆమెని ఓరకంట చూసే ఆ పక్క ఆరుగురూ తడబడి వరుస చెడటమే పట్టింది. బాలేలో పద్దెనిమిది జతల కాళ్లు ఒక్క జతలా నేలను తాకాలి. ఇప్పటికి రెండు హెచ్చరిక కాగితాలు ఇచ్చారు. మూడోది ఇవ్వరు, పంపించేస్తారు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరు గారు స్వయంగా కూర్చుని చూస్తారు. ఒక్క లెక్క తప్పినా లేటమ్మ ఉద్యోగం పోయినట్టే. మందుల షాపు నడిపే అన్నయ్య అప్పుడే కౌంటరు వెనక స్టూలు వేసి ఉంచాడు. "ఇక్కడైతే బుద్ధిగా నేల మీదే ఉంటావు చెల్లాయ్, పైన ఫ్యానుంది" అన్నాడు.

పదిరోజులుగా లేటమ్మ ఒక ఉపాయం పట్టింది. ఎగిరే ముందు పంటి డాక్టరు మిషను చప్పుడు తలుచుకునేది. అది చాలకపోతే స్నానాలగదిలో కారుతున్న పైపు. సంతోషం చప్పున చల్లారిపోయి, అందరితోపాటు ధబ్బున దిగేది. టీచరమ్మ మెచ్చుకోలేదు గానీ తిట్టడం మానేసింది. ఆ పదిరోజులూ లేటమ్మకి తిండి సయించలేదు.

ఈ ఉపాయం పట్టకముందే ప్రశ్నలమ్మ వచ్చిపడింది. బాలే చేసేవాళ్లు ఎందుకు చేస్తారు, అందులో వాళ్లకి ఏం సుఖం అని పరిశోధన చేస్తున్న యూనివర్సిటీ అమ్మాయి. అందరికీ ముప్పై ప్రశ్నల కాగితాలు పంచి, ఎవరిది వాళ్లే రాయాలని మరీ మరీ చెప్పింది. పాపం, ఆమెకి వరుస సంగతి తెలియదు. వరుసలో ప్రతి అమ్మాయీ తన ఎడమపక్క అమ్మాయిని ఓరకంట చూస్తూ కదులుతుంది. ఏళ్ల తరబడి అదే సాధన. కాగితాలూ అలాగే నింపారు. పదిహేడింట్లోనూ అవే టిక్కులు, కింద అదే వాక్యం, "నాట్యమే నా ప్రాణం", చివరికి కొట్టివేత కూడా ఒకే చోట. లేటమ్మ ఆ సమయంలో రెండో హెచ్చరిక అందుకోవడానికి ఆఫీసులో ఉండటంతో ఆమె కాగితం ఒక్కటే ఖాళీగా మిగిలింది.

రెండున్నరకి లేటమ్మ చెప్పుల రిబ్బన్లు కట్టుకుంటుండగా ప్రశ్నలమ్మ వచ్చి ఎదురుగా కూలబడింది. ఏడాది శ్రమంతా పదిహేడుసార్లు రాసిన ఒక్క వాక్యమై కూర్చుందని వాపోయింది.

"మీరొక్కరైనా నిజం చెప్పండి. చేసేటప్పుడు ఎక్కడ బాగుంటుంది మీకు?"

"ఇవాళొద్దండీ. రేపడగండి."

"రేపు మీరుండరేమో అంటున్నారందరూ," అని, మాట జారినందుకు నాలుక్కరుచుకుంది.

లేటమ్మ ముడి బిగించింది, విప్పింది, మళ్లీ బిగించింది. పంటి డాక్టరుని తలుచుకుంది. పైపుని తలుచుకుంది. ప్రశ్న మాత్రం వదల్లేదు.

"ఎగిరాక, దిగే ముందు," అంది చివరికి. "అక్కడ నన్నెవరూ ఏమీ అడగరండీ. దేవుడు ఎత్తుకున్నట్టుంటుంది." అనేశాక ముఖం పాలిపోయింది. "ఇవాళే ఎందుకు చెప్పించారు నాచేత?"

గంట మోగింది.

డైరెక్టరు గారు పెన్ను మూత తీసి కూర్చున్నారు. పన్నెండో చోట సరిగ్గా కనబడదనీ, ఆ అమ్మాయిని ఎడమ చివర నిలబెట్టమనీ అన్నారు. టీచరమ్మ ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. లేటమ్మ వైపు ఒకసారి చూసింది. తెరిచిన నోరు మూసుకుని, వెళ్లి నిలబడమని సైగ చేసింది.

చిన్న గంతులు గండం లేకుండా గడిచాయి. పెద్ద గంతు దగ్గరపడేకొద్దీ పంటి మిషను వినబడటం మానేసింది. పైపుని పిలిచింది, రాలేదు. అన్నయ్య వేసిన స్టూలునీ తలుచుకుంది. స్వామీ, ఈ ఒక్కసారికి నన్ను దించెయ్యి అని మొక్కుకుంటూనే ఎగిరింది.

ఆయన వినలేదు.

కర్ర లెక్క కొట్టింది. లేటమ్మ దిగలేదు. ఇంకో లెక్క పడింది. ఆమె ఇంకా పైనే ఉంది. అయిపోయింది అనుకుని, కింద పదిహేడు జతల కాళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. చప్పుడు లేదు. కుడివైపు చూసింది. వరుస వరుసంతా గాల్లోనే ఉంది. ఎడమపక్కామె దిగకుండా తాము దిగడమన్నది వాళ్ల ఒంటికి తెలియదు మరి. ఒకమ్మాయి నవ్వుతోంది. ఒకమ్మాయికి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఇంకో అమ్మాయి ఉయ్యాల్లోంచి తొంగిచూసే పసిపిల్లలా కిందికి చూస్తోంది. ఏ రెండు ముఖాలూ ఒక్కలా లేవు. గోడ దగ్గర ప్రశ్నలమ్మ ఆ పదిహేడు కాగితాలూ తిరగేసి, వెనకవైపు గబగబా రాసుకుంటోంది.

పియానో మాస్టారు వేళ్లు అదే స్వరం మీద నొక్కిపట్టి టీచరమ్మ వైపు చూశాడు. ఆమె కర్ర పైకెత్తి అలాగే పట్టుకుంది.

అప్పుడు దిగారు. పద్దెనిమిది జతల కాళ్లు, ఒక్కటే చప్పుడు.

"ఎవరు ఆలస్యం చేసింది?" అన్నారు డైరెక్టరు గారు.

"ఎవరూ చెయ్యలేదండీ. అంతా ఒకేసారి దిగారు. మీరూ చూశారుగా," అంది టీచరమ్మ.

ఆయన వరుసని అటునుంచి ఇటూ, ఇటునుంచి అటూ చూశారు. తప్పు రాయాలంటే ఒక పేరు కావాలి. అందరి పేర్లూ రాస్తే రేపు ఆడేదెవరు? పెన్ను జేబులో పెట్టుకుని లేచి వెళ్లారు.

టీచరమ్మ లేటమ్మ దగ్గరికి రాలేదు. పియానో దగ్గరికెళ్లి పెద్ద గంతుకి ఇంకో రెండు లెక్కలు కలపమంది. మాస్టారు పెన్సిలుతో రాసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది టీచరమ్మ:

"రేపట్నుంచి నీ చోటు ఆ చివరే."