పిసినారి వరి

"బాబాయ్, ఇక చాలు. మిగతావీ తాలే అయ్యుంటాయి. బండెక్కించేద్దాం," అంది సైంటిస్టమ్మాయి, గ్లౌజులు విప్పేస్తూ.

మా పరిశోధన కేంద్రంలో గ్రీన్‌హౌస్ పని నాది. ఆ అమ్మాయి వరిలో ఓ కొత్త జన్యువు పెట్టింది. నీళ్లు అందనప్పుడు ఆకు తన రంధ్రాలు ముందే మూసుకుని తేమ దాచుకోవాలి. దాచుకుంది కూడా. పూతకు ముందు నీళ్లు ఆపేస్తే మామూలు వరి గడ్డిలా ఎండిపోయింది, ఇది పచ్చగా నిలిచి కంకి వేసింది. కానీ గింజ నొక్కితే పాలు లేవు. ఇలా కావడం ఇది మూడోసారి. ఈసారీ గింజ కట్టకపోతే ఈ రకాన్ని వదిలెయ్యమన్నారు డైరెక్టరుగారు. జన్యువు మార్చిన మొక్కల్ని ఊరికే పారెయ్యకూడదు. సాయంత్రంలోగా బండిలో తీసుకెళ్లి, ఆవిరి పట్టే యంత్రంలో ఉడికించెయ్యాలి.

"పిసినారి మొక్కలు బాబాయ్. దాచుకోవడమే తెలుసు, ఖర్చుపెట్టడం తెలీదు."

"ఎవరి పెంపకమో మరి! నీ అరిగిపోయిన చెప్పులు చూస్తేనే తెలుస్తోంది."

నవ్వడానికి కూడా ఓపిక లేనట్టు నవ్వింది.

నాకూ నడుం లాగేస్తోంది. కానీ తొందరగా ఇంటికెళ్లి చేసేదేముంది? మా ఆవిడ పోయాక అక్కడ నాతో మాట్లాడేది కుక్కరొక్కటే. మధ్యాహ్నం నుంచి మబ్బు పట్టి లోపల వేడి తగ్గింది, అంతవరకు నయం. కుండీలు ఒక్కొక్కటే బండిలోకి ఎత్తుతూ, ఒక్కో గింజ నొక్కుతూ పోయాను. చూడకుండా పంపడానికి మనసొప్పలేదు.

గోడవారనున్న కుండీ దగ్గర వేలు తడిసింది.

"అమ్మాయ్, ఇలా రా."

"చెమటేమో బాబాయ్."

"నా చెమట తెల్లగా ఉంటుందా? పోనీ, నాకి చూడనా?"

"అయ్యో, నోట్లో పెట్టకు! నా ఉద్యోగం ఊడుతుంది."

పరుగున వచ్చి తనే ఇంకో గింజ నొక్కింది. తెల్లటి చుక్క. దాని పక్కది నొక్కింది. మరో చుక్క. కంకి అడుగు సగం తాలే, పై సగం మాత్రం పాలు పోసుకుంది.

డైరెక్టరుగారికి ఫోన్ చేసి, "అలాగే సార్, అలాగే" అని పెట్టేసింది.

"ఏమన్నారు?"

"దీన్ని ఉంచమన్నారు. విత్తనం తీసి, దాంతో మళ్లీ మొదట్నుంచి మొదలెట్టమన్నారు." బోర్లించిన బకెట్ మీద కూలబడింది. "మళ్లీ నాటడం, మళ్లీ ఎండబెట్టడం, మళ్లీ నొక్కడం."

"సంతోషం లేదుటే తల్లీ?"

"సంతోషమే బాబాయ్. కాస్త కూర్చుని సంతోషిస్తా."

కుండీని బండికి దూరంగా జరిపాను. మట్టి నెర్రెలు విచ్చి ఉంది.

"దీనికి నీళ్లు పొయ్యొచ్చా?"

"పరీక్ష అయిపోయిందిగా. పొయ్యి."

మగ్గుతో మొక్క మొదట్లో నెమ్మదిగా పోశాను. మట్టి బుడబుడమంటూ తాగింది. ఆ అమ్మాయి కూర్చున్న చోటి నుంచే, "ఇంకొంచెం," అంది.