ఇరవై నిమిషాల దూరం

తాళాల మేస్త్రికి కారంటే ప్రాణం. వీధి చివర కొట్టులో పాలు తేవాలన్నా బండి తీయాల్సిందే. బజార్లో చిన్న షాపున్నా, ఎక్కువగా ఇంటింటికీ వెళ్లి తాళాలు బాగుచేసే పని. పనిముట్ల పెట్టెలు మోస్తూ ఊరంతా తిరగాలంటే కారు లేకుండా కుదరదనేవాడు. భార్య సరిగ్గా అతనికి ఎదురు. ఆమె కాలు ఒకచోట నిలవదని అందరూ నవ్వేవారు. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు సరిచేసేది. గుండీలకైనా, దారానికైనా, లైబ్రరీకైనా ఆమెకు నడకే. అన్నిటికన్నా ముఖ్యంగా, రెండు సందుల అవతలున్న చెల్లెలి ఇంటికి. పొద్దున పది దాటిందంటే అక్క అక్కడుండేది, లేదా చెల్లెలు ఇక్కడుండేది. కత్తెర కోసమని వచ్చిన మనిషి గంటసేపు కబుర్లు చెప్పి, కత్తెర మరిచిపోయి వెళ్లేది.

మేస్త్రికి మాత్రం తాముండే ఆ ఇరుకు సందు నరకంగా ఉండేది. కారు పెట్టుకునే చోటు కోసం రోజూ మూడు చుట్లు తిరిగేవాడు. పక్క అద్దం రెండుసార్లు ఎవరో విరగ్గొట్టిపోయారు. అందుకే ఊరి చివర, రెండు కార్లు పట్టే షెడ్డూ విశాలమైన రోడ్డూ ఉన్న ఇల్లు ఖాళీగా ఉందని తెలిసిన రోజు చిన్నపిల్లాడిలా ఎగిరి గంతేశాడు.

భార్య ఇల్లంతా చూసి ఒక్క మాటే అడిగింది.

"ఇక్కణ్నించి చెల్లి దగ్గరికెలా వెళ్లాలండీ?"

"కార్లో ఇరవై నిమిషాలు. నేను లేనూ?"

"మీరు పనికెళ్లినప్పుడో?"

"బస్సుందిగా!"

ఆమె తెరిచి చూసిన కిటికీని మళ్లీ మూసింది. "పదిహేడేళ్లు నా మాట మీద ఆ సందులో ఉన్నారు. సరే, ఇప్పుడు మీ ఇష్టం," అంది.

బస్సు గంటకొకటి. అదెక్కాలంటే కాలిబాట లేని పెద్ద రోడ్డు మీద లారీల పక్కన నడవాలి. ఆమె మొదటి నెలలో నాలుగుసార్లు వెళ్లింది, రెండో నెలలో ఒకసారి. తర్వాత మానేసింది. రోజూ నడిచిన కాళ్లు మెల్లగా గడప లోపలికి ముడుచుకున్నాయి. చెల్లెల్ని చూడడం ఆదివారాలకు పడింది. ఆదివారమైతే చెల్లెలు శుభ్రంగా తయారై, శాలువా కప్పుకుని కూర్చునేది. గంట కాగానే మేస్త్రి లేచి, "ఇక బయల్దేరదామా?" అనేవాడు.

ఒక బుధవారం మేస్త్రి మరదలుండే సందులో ఎవరిదో బీరువా తాళం తీయడానికి వెళ్లాడు. కారు చూసి ఆమె సంచి పట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"బావా, ఈ నాలుగు గౌన్లూ అక్కకివ్వవా? నడుం దగ్గర వదులైపోయాయి."

"ఎంత బిగించాలి?"

ఆమె వేసుకున్న గౌనునే నడుం పక్కన పట్టి చూపించింది. గుప్పెడు గుడ్డ చేతిలోకొచ్చింది.

"ఏంటి, నాజూగ్గా తయారవుతున్నావ్!"

"మళ్లీ పెళ్లి చేసుకుందామనీ," అని నవ్విందామె.

మేస్త్రి కారు వైపు చూశాడు. వెనక సీటు నిండా పెట్టెలు. పైగా ఈ సంచి తీసుకెళ్తే భార్య ఊరుకోదు, కొలతలు చూడాలి, రేపే తీసుకెళ్లమంటుంది. పనిరోజున రానూపోనూ గంట దండగ.

"మీ సందు మూల దర్జీ ఉన్నాడుగా, అతనికివ్వు. ఇంతదూరం మోయడం, మళ్లీ తేవడం ఎందుకు?"

"అదీ నిజమేలే బావా," అంటూ ఆమె సంచిని వెనక్కి తీసుకుంది. మేస్త్రి ఇంటికెళ్లి ఆ ఊసే ఎత్తలేదు. దాచాలని కాదు, అసలు గుర్తే లేదు.

నాలుగు నెలలకు చెల్లెలు ఆసుపత్రిలో చేరింది. కాస్త ముందు తీసుకొచ్చుంటే ఏదైనా చేయగలిగేవాళ్లమన్నారు డాక్టరు. "అంత దూరాన్నుంచి నిన్ను పరిగెత్తించడం ఎందుకులే అనుకున్నానే," అంది చెల్లెలు అక్కతో. మూడు వారాలకు పోయింది.

ఎవరూ అడక్కుండానే మేస్త్రి ఊరి చివరి ఇల్లు ఖాళీ చేసి, పాత సందులో మేడ మీద రెండు గదులు తీసుకున్నాడు. కారు షాపు దగ్గరే వదిలేసి ఇంటికి నడిచి రావడం మొదలుపెట్టాడు. "ఇప్పుడెందుకండీ?" అంది భార్య. పొద్దునపూట ఆమెతో పాటు అతనూ నడిచేవాడు. పక్కింటావిడ ఆపి మరీ, "మీవారు ఎంత మారిపోయారండీ!" అని మెచ్చుకునేది. ఆ మెప్పు వింటే అతనికి తల కొట్టేసినట్టయ్యేది.

ఒకరోజు నడుస్తూ నడుస్తూ భార్య అంది: "తప్పంతా నాదేనండీ. ఆ ఇంటికి నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. రోజూ చూసుంటే నాకు తెలిసేది. దాని ఒళ్లు నాకు టేపు లేకుండానే తెలుసు."

ఇక మేస్త్రి వల్ల కాలేదు. రోడ్డు మీదే నిలబడి బుధవారం సంగతి చెప్పేశాడు. సంచీ, దర్జీ, వెనక సీటులో పెట్టెలూ, ఏదీ దాచలేదు.

ఆమె అడిగింది. "ఎంత బిగించమంది?"

మేస్త్రి గుప్పిట మూసి చూపించాడు. ఆమె ఆ గుప్పిటినే చూస్తూ ఉండిపోయింది.

"రేపట్నుంచి నేనొక్కదాన్నే నడుస్తాను," అని ముందుకు వెళ్లిపోయింది.

అన్నట్టే చేసింది. వంటా మాటా మామూలుగానే ఉండేవి. పొద్దున నడక మాత్రం ఒంటరిగానే. మేస్త్రి ఇరవై అడుగుల వెనకే వెళ్లేవాడు. ముందుకు రావడానికి మొహం చెల్లేది కాదు. ఇలా నెలపైన గడిచింది. ఒక చలిపొద్దున ఆమె ఆగి, తిరిగి చూడకుండానే అంది:

"పక్కన నడవండి. వెనకొస్తుంటే ఎవరో తరుముతున్నట్టుంది."

అతను పక్కకు వచ్చాడు. క్షమించానని ఆమె అనలేదు. క్షమించమని అతను అడగనూ లేదు. మార్కెట్ దాకా ఇద్దరూ పక్కపక్కనే నడిచారు.