ఆదివారం ఉత్తరాలు

రత్నమాణిక్యం రైలు దిగేసరికి రాజమండ్రి స్టేషన్‌లో చర్చి సంఘం వాళ్లు ముప్పైమంది దాకా బంతిపూల దండలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆమె కళ్లు కూతురు కరుణ కోసం వెతికాయి. ఆఫ్రికాలో మలావీలోని మిషన్ ఆసుపత్రికి నర్సుగా, సువార్తికురాలిగా ఆమె వెళ్లేనాటికి ఆ పిల్లకి పదకొండేళ్లు. మూడేళ్లు గడిచాయి. ఇప్పుడు అందరి వెనకాల, మేనత్త బుల్లెమ్మ పక్కన, ఆవిడకంటే పొడుగ్గా నిలబడి ఉంది. మాణిక్యం అటు రెండడుగులు వేసిందో లేదో మెడలో దండ పడింది. ఆ వెనకే ఇంకొకటి.

"ముందు మందిరానికి, తర్వాతే ఇంటికి," అన్నారు పాస్టరుగారు. "జనం పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నారమ్మా."

ఆమె భర్త వంక చూసింది. చంద్రరావు ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. ఎవరికీ కాదని చెప్పడం చేతకాని మనిషి.

"గంటలో అయిపోతుందిలే మాణిక్యం," అన్నాడు సూట్‌కేసు ఎత్తుతూ.

మూడు గంటలు పట్టింది. కాఫీ చుక్కయినా తాగకుండా, ఫ్యాను గాలి అందని వేదిక మీద నిలబడి మలేరియా గురించి, తల్లులు పోయిన పిల్లల గురించి చెప్పింది. "నలభైమంది పిల్లలండీ. అందరూ నన్ను అమ్మా అనే పిలిచేవారు," అంది.

మూడో బెంచీలోంచి కరుణ లేచింది. చున్నీ సర్దుకుని, ఎవరి కాళ్లూ తొక్కకుండా తప్పుకుంటూ బయటికి వెళ్లిపోయింది. మాణిక్యం మాట ఆగిపోయింది. పాస్టరుగారు "దేవునికి స్తోత్రం!" అని అందించారు. ఆమె మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడే దిగి పిల్ల వెనక ఎందుకు వెళ్లలేదో, తర్వాత ఎంత ఆలోచించినా ఆమెకే తెలియలేదు.

ఇంటికి వచ్చాక వంటింట్లో అడుగుపెడితే, "నువ్వు కూర్చో, అలిసిపోయొచ్చావు," అని బుల్లెమ్మ ఆమె చేతిలోంచి గరిటె లాక్కుంది. మాణిక్యం పక్కగదిలోకి వెళ్లింది. కరుణ పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఏంటే ఇది? మూడేళ్ల తర్వాత వస్తే మొహం చూడవా? ప్రతి ఆదివారం కూర్చుని నీకు ఉత్తరం రాశాను. ఒక్కదానికైనా నాలుగు ముక్కలు జవాబిచ్చావా?"

"నాకు రాశావా? సంఘానికి రాశావు."

"అదేం మాట?"

"నాన్న పోస్టు రాగానే పాస్టరుగారికిచ్చేవాడు. వాళ్లు చదివాకే నాకొచ్చేది." కరుణ పుస్తకం మూసేసింది. "నేను పెద్దమనిషినయ్యానని అత్త నీకు రాసింది కదా? భయపడొద్దు, అలా ఉండు, ఇలా ఉండు అని నువ్వు జవాబు రాశావు. అదీ చదివారు మందిరంలో. మైకులో. సగంలో ఆపేశారు. ఆపాకే అందరూ నావైపు తిరిగి చూశారు."

మాణిక్యం ఇంకో అడుగు ముందుకేసింది. "మరి ఆ మాట నాకెందుకు రాయలేదే?"

"రాస్తే నువ్వు జవాబిస్తావుగా. అదీ చదువుతారు."

వరండాలో చంద్రరావు చొక్కా విప్పుకుంటున్నాడు. "పాప పేరున వచ్చిన ఉత్తరం వాళ్ల చేతికెలా ఇచ్చారండీ?" అని మీదికి వెళ్లింది.

"పాస్టరుగారే అడిగారు. నీ కోసం అందరూ ప్రార్థన చేస్తారని. అందులో ఏముందో నేను చూళ్లేదు. చదివుంటే ఇచ్చేవాణ్ణా?"

"మీరు చదవనేలేదా!"

చంద్రరావు విప్పిన చొక్కాని కొక్కేనికి తగిలించాడు.

సాయంత్రం పాస్టరుగారు కాగితం తెచ్చారు. కోరుకొండ, నిడదవోలు, ఆ చుట్టుపక్కల ఊళ్లు, ఆమె తన అనుభవాలు చెప్పాల్సిన సాక్ష్య కూటాలు మొత్తం పన్నెండు.

"నేను రాలేనండీ అయ్యగారూ."

"కరపత్రాలు వేయించేశాం సిస్టర్. మీ ఉత్తరాలు విని ఎంతమంది బలపడ్డారో మీకు తెలీదు."

"వినకూడనివి కూడా విన్నారు. నా కూతురికి రాసినవి ఇంక ఏవైనా మీ దగ్గరుంటే రేపు పంపించండి."

ఆయన మొహం ముడుచుకుంది. ఇచ్చిన టీ అలాగే వదిలేసి వెళ్లిపోయారు.

"ఊళ్లో రేపణ్ణుంచి నేను తలెత్తుకు తిరగాలా వద్దా?" అన్నాడు చంద్రరావు. లోపల్నుంచి కరుణ, "నాకోసం ఏం మానక్కర్లేదు," అంది. ఎటు తిరిగినా గోడే. ఇంత దూరం వచ్చింది ఇందుకా అని మాణిక్యానికి ఒళ్లు మండిపోయింది.

మర్నాడు కరుణ టెన్త్ ట్యూషన్‌కి సైకిలు తీసింది. మాణిక్యం చెప్పులేసుకుని వెనకే నడిచింది. పిల్ల తొక్కుకుంటూ కనుమరుగైపోయింది. ఆమె దారిలో వాళ్లనీ వీళ్లనీ అడుక్కుంటూ మాస్టారి ఇల్లు పట్టుకుని, అరుగు మీద రెండు గంటలు కూర్చుంది. మే నెల ఎండ కాళ్ల దాకా వచ్చింది. లేవలేదు.

"ఎవరే ఆవిడ?" అని బయటికొచ్చిన స్నేహితురాలు ఫణిశ్రీ అడిగింది.

"మా అమ్మ," అంది కరుణ విసుగ్గా. దగ్గరికొచ్చి, "ఇక్కడికెందుకొచ్చావు? నేను చిన్నపిల్లనా?" అంది.

"కాదని తెలుసు. ఆ రోజు మందిరంలో ఏం జరిగిందో చెప్పు. మొత్తం చెప్పు."

"నిన్న చెప్పాగా."

"నిన్న నేను నీ మాట సగమే విన్నాను. మీ నాన్న మీదికి పోయాను."

కరుణ ఎక్కబోతున్న సైకిలు దిగింది. నడిపించుకుంటూ కాలవ గట్టు పట్టింది. మాణిక్యం పక్కనే నడిచింది. లాకుల దగ్గర ఆగి, "మధ్యలో బైబిలు వాక్యాలు చెప్పకూడదు. ఏడవకూడదు," అంది కటువుగా.

"చెప్పను."

ఏడవనని మాత్రం ఆమె మాటివ్వలేకపోయింది. కరుణ చెప్పడం మొదలుపెట్టింది.